చెంబెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మేము చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల ఇళ్ళ లైన్లలో ఉండేవాళ్ళం. నాన్నది బంగారు గనిలో లోపలి పని. మా లైన్లో ఒక అలవాటు ఉండేది. షిఫ్టుకు పోయే మనిషికి ఇంట్లోవాళ్ళు గుమ్మంలో చెంబుతో నీళ్ళు ఇవ్వాలి, అతను తాగి వెళ్ళాలి. ఎంత పోట్లాట ఉన్నా సరే.

మా అమ్మ దగ్గర పోట్లాటలకు కరువు లేదు. ఒకసారి రెండు రోజులు నాన్నతో మాటలు మానేసింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మంటే భయం, ఆమె మెప్పు కోసం ఆశ. ఆమె పక్షాన నేనూ ఏదో ఒకటి చేయాలనుకుని చెంబును బియ్యం డబ్బాలో దాచేశాను. సైరన్ మోగింది. నాన్న గుమ్మంలో కాసేపు నిలబడి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

అమ్మ ఇల్లంతా వెతికింది. దొరక్క, గంజి గిన్నెలో నీళ్ళు ముంచుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వెనకే నేను. గని గేటు దగ్గర నాన్నను అందుకుంది. ఆయన తాగాడు, ఆమె గిన్నె వెనక్కి తీసుకుంది, అంతే. చెంబు దాచింది నేనేనని అమ్మకు తెలిసిపోయింది, ఇక నా వీపు విమానం మోతేననుకున్నాను. కానీ దారిలో నా చెయ్యి పట్టుకుని అంది: "కోపమేముండాది, ఆయప్ప తిరిగొచ్చినాక తీర్చుకుంటా. రాకుంటే? ఇంగ ఆ కోపాన్ని యాడ పెట్టుకునేదే?" అమ్మ కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదలు.

అంత మాట చెప్పిన మనిషి, పదేళ్ళ తర్వాత తనే దాన్ని పక్కన పెట్టింది. టీచరు ట్రైనింగుకు బెంగళూరు పోతానని నేను పట్టుబట్టాను. వద్దంది. పెట్టె పట్టుకుని, ఆరోజు నాన్న నిలబడినట్టే గుమ్మంలో నిలబడ్డాను. లోపలినుంచి "నాకు కూతురు లేదు, పో" అన్న మాట వచ్చింది. చెంబు రాలేదు. నేనూ ఆ తల్లి కూతుర్నే కదా, పంతం నాకేమీ తక్కువ కాదు. నాన్న చనిపోయినప్పుడు కూడా ఎదురెదురుగా కూర్చున్నామే గానీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు అమ్మ ఆండర్సన్‌పేటలో నా దగ్గరే ఉంది. అల్జీమర్స్ అన్నారు డాక్టరుగారు. నేనెవరో తెలియదు. నీ కూతుర్నమ్మా అంటే, "నాకు కూతురు లేదు కదమ్మా" అంటుంది, ఏ కోపమూ లేకుండా, నవ్వుతూ. ఆ మాటకు అప్పుడు నేను ఏడవలేదు. ఇప్పుడు వంటింట్లోకి పోయి ఏడుస్తాను. ఆరోజు నాకెందుకు నీళ్ళు ఇవ్వలేదని నలభై ఏళ్ళుగా అడగాలనుకున్నాను. ఇప్పుడు అడిగినా ఎవరు చెబుతారు?

గని మూతపడి ఎన్నో ఏళ్ళయింది. అయినా నేను చెప్పులు వేసుకుంటే చాలు, గోడ పట్టుకుని చెంబుతో వచ్చేస్తుంది. "నీళ్ళు తాగి పోవయ్యా, పదిలంగా దిగు" అంటుంది, నన్ను నాన్న అనుకుని. సగం నీళ్ళు ఒలికిపోతాయి. మొదట్లో నేను నాన్నను కాదని చెప్పేదాన్ని. బిత్తరపోయేది. ఇప్పుడు మిగిలిన సగం మాట్లాడకుండా తాగుతాను. కూరగాయలకు వెళ్ళినా తొందరగా తిరిగి వస్తాను. గుమ్మం దాటాక మాత్రం రోజూ ఆమె మాటనే ఆమెను అడుగుతాను, లోపల్లోపలే: ఇంగ ఈ కోపాన్ని యాడ పెట్టుకునేదమ్మా?