గీత కింద రాసిన మాటలు

పోయిన వారం కదిర్కామం ఆసుపత్రిలో నా కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పేదాకా పేపరు చూడకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, తల వంచకూడదు అంటూ కోడలు నన్ను కుర్చీలో కూలేసి తన పని తాను చూసుకుంది. పని లేని మనిషికి పాత సంగతులే గతి. వీధిలో పోయేవాళ్ళ గొంతులు వింటూ కూర్చుంటే, ఇలాగే కళ్ళకు గుడ్డ కట్టుకొని గోడకు ఆనుకొని కూర్చున్న ఒక పగలు గుర్తుకొచ్చింది. అప్పుడు నాకు పెళ్ళీడు, దేశానికి యుద్ధం.

బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాట అది. ఇప్పుడు ఆటోల రొదలో మాట వినబడని ఈ కదిర్కామంలో అప్పుడు మా పెరడు దాటితే చేలే. నాయన మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. మా మేనత్త చిన్న వయసులోనే పోతే ఆమె కొడుకును, అంటే మా బావను, నాయన తల్లి, మా అవ్వ, తెచ్చుకొని మా ఇంట్లోనే పెంచింది. బావకు నేనేనని ఇంట్లో అందరూ అనుకున్నదే, ఎవరూ అనుకోకముందే నేను అనుకున్నదే. తీరా చూస్తే బావ నాయన చూపిన మిల్లు పని వద్దని పటాలంలో చేరాడు. శిక్షణకు పోయిన కొన్ని నెలలకే యుద్ధం వస్తుందనే మాటలు మొదలయ్యాయి. టీ అంగడి రేడియో దగ్గర నిలబడి నిలబడి మా నాయన మనసు మారిపోయింది. విల్లుపురంలో గుడ్డల అంగడి ఉన్న ఒక సంబంధం చూసి, మార్గళి పోయి సంక్రాంతికి తై నెల పుట్టగానే తాంబూలాలు మార్చుకుందామని మాటిచ్చి వచ్చాడు. “యుద్ధానికి పోయేవాడికి పిల్లనిచ్చి రేపు నేను యాడ కూచొని ఏడ్చేది?” అని అవ్వతో అన్నాడు. కన్నతండ్రి భయం అది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు మాత్రం అన్నం సయించడం మానేసింది.

ఇక్కడ మా ఉత్తరాల సంగతి కొంచెం చెప్పాలి. తమిళుల నడుమ బతికే మా ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో దిద్దింది తమిళం. కట్టు విప్పాక ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా నేను యాభై దాటాక, యానాం నుంచి బదిలీ మీద వచ్చి మా పక్కింట్లో దిగిన టీచరమ్మ దగ్గర నేర్చుకున్నవే. అందుకని బావ తమిళ అక్షరాలతో తెలుగు రాసేవాడు. యుద్ధకాలం కాబట్టి ఉత్తరాలు పరీక్షించి పంపే అధికారులకు ఇది ఏ భాషో తేలక కొన్ని జాబులు రోజుల తరబడి అక్కడే పడి ఉండేవని తరవాత చెప్పాడు.

మీలో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, పెళ్ళికాని పిల్లకు ఉత్తరం రాయడమనేది ఆ రోజుల్లో జరిగే పని కాదు. బావ అవ్వకే రాసేవాడు. అవ్వకు చదువు లేదు, నాయనకూ అమ్మకూ లేదు, ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. అందువల్ల బూట్లు కరిచిన సంగతి, చలి సంగతి, రొట్టెలు తినలేక అవ్వ చేతి చింతపండు పులుసును తలుచుకొనే సంగతి పైన రాసి, దానికింద కాగితానికి అడ్డంగా ఒక గీత గీసేవాడు. గీత పైది అవ్వకు, కిందిది నాకు. నేను గీత దాకా పైకి చదివి, మడిచి, మిగతాది పెరట్లో జామచెట్టు చాటున చదువుకొనేదాన్ని. కాగితం నిండా రాసి ఉంటే ఇంతేనా అని అవ్వ ప్రతిసారీ అడిగేది. దూరం దూరంగా రాసినాడవ్వా అని నేను బొంకేదాన్ని. జవాబులు రాసేదీ నేనే గనుక అవ్వ చెప్పింది పైన రాసి, నేనూ ఒక గీత గీసి, నా మాటలు కింద పెట్టేదాన్ని. విల్లుపురం సంగతి అలాగే రాశాను. ఇప్పుడేం చేయమంటావు అని అడిగాను. ఆ జవాబు కోసం రోజూ వీధి గుమ్మం వైపు చెవి వేసుకొని ఉండేదాన్ని.

ఇంతలో యుద్ధం వచ్చేసింది, నాకు కళ్ళకలకా వచ్చింది. అవ్వ నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టి గుడ్డ కట్టి, వెలుతురు చూస్తే ఊరుకోనని కూర్చోబెట్టింది. సరిగ్గా ఆ రోజే ఉత్తరం వచ్చింది. నాయన రాత్రి షిఫ్టు దిగి వచ్చి తిన్నెమీద కాఫీ తాగుతున్నాడు. నేను తరవాత చదువుతానవ్వా, అక్కడ పెట్టు అన్నాను. యుద్ధంలో ఉన్న బిడ్డ ఉత్తరం పెట్టుకొని ఊరుకోవడం అవ్వ వల్ల అవుతుందా? శిక్షణలో ఉన్నాడు, యుద్ధంలోకి పోలేదు అని ఎంత చెప్పినా ఆమెకు రెండూ ఒకటే. పోస్టుమ్యాన్‌ను పట్టుకొని నువ్వే చదవయ్యా అని బతిమాలింది.

ఆయన తమిళుడు, మంచి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. రెండు మాటలు చదివేసరికే ఇదేం భాషమ్మా, నాకు ముక్క అర్థం కావడం లేదే అన్నాడు. నీకెందుకు అర్థం కావడం, మాకు అయితే చాలు, చదువు అంది అవ్వ. ఆయన రేషను అంగడిలో పేర్లు పిలిచేవాడిలా ఒక్కొక్క మాటా తడుముకుంటూ గట్టిగా చదవసాగాడు. బూట్లు అయ్యాయి, చలి అయింది, పులుసు అయింది. అక్కడ గీత ఉంటుందని నాకు తెలుసు. చాలు అని అరవాలనుకున్నాను, అరిస్తే కింద ఏదో ఉందని నేనే చెప్పినట్టవుతుంది. ఆయనకు గీత ఏం తెలుసు, దాటి చదువుకుంటూ పోయాడు.

“విల్లుపురం సంగతి చదివినాను. నిన్ను తప్ప నేను ఇంకొకర్ని అనుకోలేదు. అయినా మామ మాట దాటొద్దు. తల్లి లేని నన్ను బిడ్డ మాదిరి పెంచినాడు. ఆయన భయపడేది న్యాయమే. నువ్వు పోతే నేను కోపం చేసుకోను. నా మింద ఆశ పెట్టుకొని ఏడస్తా ఉండొద్దు.”

సిగ్గుతో చచ్చిపోతానని అంతకుముందు క్షణం దాకా భయపడ్డాను. ఇది విన్నాక సిగ్గు ఎటు పోయిందో, దుఃఖమే మిగిలింది. గుడ్డ కింద పూలు తడిసిపోయాయి. బావ నన్ను వదిలేశాడు, అదీ నాయన మీద గౌరవంతో వదిలేశాడు, ఇంక ఎవరితో మొరపెట్టుకొనేది? నాయన ముఖం అప్పుడు ఎట్లా ఉందో నాకు ఈనాటికీ తెలియదు. అంతా బాగున్నారు కదా అని పోస్టుమ్యాన్ అడిగాడు. బాగున్నారు అని నాయన తమిళంలో చెప్పి, సంచిలో ఇన్‌ల్యాండ్ కవరు ఉందా, ఉంటే కూర్చొని నేను చెప్పేది చెప్పినట్టే రాసిపెట్టు అన్నాడు. అని, తెలుగులో చెప్పాడు.

“పిల్లకు కండ్లు బాగలేవు. ఈ తూరి నీ జాబు అందరమూ విన్నాము. విల్లుపురం పోయి, లేదని చెప్పేసి వస్తాను. నువ్వు నేరుగా ఇంటికి రా.”

అర్థం కాని ప్రతి మాటనూ పోస్టుమ్యాన్ రెండుసార్లు చెప్పించుకొని రాశాడు. అందువల్ల నాయన ఇంటికి రా అన్న మాటను నేను రెండుసార్లు విన్నాను. పోస్టుమ్యాన్ వెళ్ళాక అవ్వ నా పక్కన కూలబడి, ఇంతేనా అని నేను అడిగినప్పుడంతా ఎంత మింగేసినావే దొంగముండా అని నా చెంప పొడిచింది.

బావ శిక్షణ ముగియకముందే యుద్ధం ముగిసింది. సెలవుమీద వచ్చాడు, పెళ్ళయింది, పింఛను పుచ్చుకొనేదాకా పటాలంలోనే చేశాడు. నిన్ను తప్ప ఇంకొకర్ని అనుకోలేదన్న మాట మాత్రం ఎన్నడూ నోటితో చెప్పలేదు. నేను పోరితే, ఆ పోస్టుమ్యాను వీధంతా వినేటట్టు చెప్పినాడు కదా, ఇంక నేనేంది చెప్పేది అనేవాడు. బావ పోయి కొన్నేళ్ళయింది.

ఇప్పుడు మా ఇంట్లో తలకొక ఫోను. మనవరాలు దాన్ని చూసి నవ్వుతుంది, ఒక్కోసారి కళ్ళు తుడుచుకుంటుంది. ఏందే అంటే ఏం లేదవ్వా అంటుంది. ఎవరి మాట వాళ్ళ అరచేతిలోనే ఉంటుంది, పక్కవాళ్ళ చెవిన పడే దారి లేదు. మంచిదే, నేనూ దాచుకున్నదాన్నే. కానీ ఆ రోజు నా కళ్ళు బాగుండి ఉంటే నేను గీత దగ్గర ఆగిపోయేదాన్ని. జామచెట్టు చాటున ఏడ్చి, ముఖం కడుక్కొని, బావ చెప్పినట్టే నాయన మాటకు తలవంచి తై నెలలో విల్లుపురానికి వెళ్ళిపోయేదాన్ని. తన మేనల్లుడు తనను ఎంతగా తండ్రి అనుకున్నాడో మా నాయనకు తెలియకుండానే పోయేది.