తులసిని ఉమ్మేసిన రోజు

గడిచిన బుధవారం ఉదయం ఆరుంపావుకి పూజ ముగించి తులసిదళం నోట్లో వేసుకున్నాను. నాలుక చురుక్కుమంది. వెంటనే ముక్కుకి తగిలింది, మిరప చేల గట్ల మీద నడిచేవాళ్లందరికీ తెలిసిన పురుగుమందు కంపు. దొడ్డి గుమ్మం బయటికి పరుగెత్తి ఉమ్మేశాను. నాలుగుసార్లు పుక్కిలించాను. తులసిని ఉమ్మడం నా జన్మలో అదే మొదటిసారి. వెనక్కి వచ్చి చూస్తే మందార ఆకుల మీద తెల్లటి మరకలు, సన్నజాజి పందిరి కింద చచ్చిన తేనెటీగలు. ఊడ్చి చాటలోకి ఎత్తాను.

చిలకలూరిపేటలో హైవేకి ఇవతలున్న ఈ పెరడు మా అత్తగారు పెంచింది. ఆవిడకి మనుషులతో మాట్లాడటం కంటే మొక్కల్ని తిట్టడం ఇష్టం. "కాయవేం? తిండి దండగ!" అని బీరపాదుని గదమాయించి, ఆ నోటితోనే దానికి నీళ్లు తెమ్మని నన్ను కేకేసేవారు. నా రెండో కాన్పు దక్కనప్పుడు చుట్టాలు వరసగా వచ్చి ఓదార్చారు. ఆవిడ ఓదార్చలేదు. మైల తీరిన మర్నాడు నన్ను మంచం మీంచి లేపి, పెరట్లో పీట వేసి, చేతికి కొడవలి ఇచ్చారు. "ఏడిస్తే ఏడువు. ఆ గడ్డి తీస్తూ ఏడువు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా తీశాను. రోజూ తీశాను. ఎన్నాళ్లకో ఒక పొద్దున, వేళ్లకి తడిమట్టి అంటుకుని ఉండగా, ఆకలేస్తోందని నేనే అన్నాను. ఆవిడ చద్దన్నంలో గోంగూర కలిపి పీట దగ్గరికే తెచ్చారు. అప్పట్నుంచీ నా పూజలో మంత్రాలు తక్కువ, ఆ పీట మీద కూర్చోవడం ఎక్కువ.

పోయేముందు ఆవిడ నగలు కూతుళ్లకిచ్చి, నాకు కొంగుముడి విప్పి గుప్పెడు తులసి విత్తనాలు ఇచ్చారు. అప్పుడు చిన్నబుచ్చుకున్న మాట నిజం. ఆ తర్వాత ఏటా వెన్నులు ఎండాక దులిపి, మళ్లీ చల్లి, ఆ వంశం తెగకుండా చూశాను. నిరుడు చల్లినవాటిలో నిలిచింది ఒక్క మొక్కే.

మందు కొట్టింది మా మరిది. మిరప రైతు. మంగళవారం నేను మంగళగిరి కొండకి వెళ్లిన పూట వచ్చి పోయాడట. ఫోన్ చేస్తే సంబరంగా చెప్పాడు.

"నేనే వదినా! మందారకి పిండినల్లి పట్టిందన్నావుగా. చేలో కొట్టగా ట్యాంకులో కాస్త మిగిలింది. పారబోయడం ఎందుకని పెరడంతా తడిపేశా. ఇంక ఒక్క పురుగుంటే చూపించు!"

"తులసిని కూడానా?"

"దాన్నొక్కదాన్నీ వదిలేస్తే పురుగంతా అక్కడ చేరదూ?"

"ఏమయ్యా, మీ ఇంట్లో తినడానికి విడిగా వేసుకున్న మిరప సాళ్లకి కొడతావా ఈ మందు?"

"భలేదానివే! వాటికెందుకు కొడతా? పిల్లలు తినేవి."

"ఇది దేవుడికి పెట్టేది."

"దేవుడికేమవుద్ది వదినా," అని నవ్వాడు. "బజార్లో పూలకి కొట్టరా ఏంటి?"

ఫోన్ పెట్టేశాను. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. మంచి చేశాననే అనుకుంటున్నాడు. నాకు అదే రోత. తన పిల్లల కంచంలో పడనివ్వనిదాన్ని ట్యాంకుతో తెచ్చి నా దేవుడి ముందు పోశాడు, పైగా వృథా కానివ్వలేదని సంతోషం. ఇక్కడ ఇంటి సాలు వేరు, లారీకెక్కే సాలు వేరు. ఆ తేడా తెలియనివాళ్లు లేరు, సిగ్గుపడేవాళ్లూ లేరు. ఏటా అతను నాకు పంపే కారం ఇంటి సాళ్లదే. ఇప్పుడు ఆ డబ్బా మూత తీయబుద్ధి కావడం లేదు.

శనివారానికి తులసి మొదలంటా మాడిపోయింది. వెన్నులు ఇంకా పచ్చివే, గింజ కట్టలేదు; దాచిన పాత గింజలూ లేవు. నేనే పెకలించాను.

పోయినవి: తులసి ఒకటి, సన్నజాజి ఒకటి, పందిట్లో గూడు కట్టుకున్న తేనెపిట్ట పిల్లలు రెండు, చాటెడు తేనెటీగలు. మందార బతికింది, పిండినల్లితో సహా. మా అత్తగారు పోయి పంచాంగం లెక్కన ఇరవై ఆరేళ్లు. నా లెక్కన ఆ శనివారమే.