ఎనిమిది కంప్యూటర్లకు రెండు ప్రార్థనలు

2015 సంవత్సరం. తెనాలిలో నేను కంప్యూటర్ల షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. షాపంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, రెండు బల్లలు, గోడ పొడవునా విప్పి పెట్టిన క్యాబినెట్లు, ఎప్పుడూ వేడిగానే ఉండే ఒక సోల్డరింగ్ ఐరన్. మాది కొల్లిపర దగ్గర పల్లెటూరు. ఇంట్లో అందరిదీ వ్యవసాయమే. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి రేడియోలు విప్పే పిచ్చి ఉండేది, ఆ పిచ్చే చివరికి అన్నం పెట్టింది. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఎరువుల కొట్లు, ఫొటో స్టూడియోలు, టైపింగ్ సెంటర్లు నా కస్టమర్లు.

మా పనిలో అందరికీ తెలిసి, బయట ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి ముందే చెప్పాలి. మేం విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చేదాన్ని అసెంబుల్డ్ కంప్యూటర్ అంటారు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. మీట నొక్కగానే ముందుగా లేచి మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటు చూపించేది అదే. దాన్ని కంపెనీ దగ్గర విడిగా కొనాలి, ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో లైసెన్స్ తీసుకోవాలి. మేం కొనేవాళ్ళం కాదు. నా దగ్గర ఒక సీడీ ఉండేది. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘ఫైనల్’ అని నా చేత్తోనే రాసుకున్నాను. ఆ ఒక్క సీడీ మూడు ఊళ్ళు తిరిగింది. కస్టమర్‌కి మాత్రం ‘ఓఎస్ ఫ్రీగా వేసిస్తామండి’ అని గొప్పగా చెప్పేవాణ్ణి.

సీడీ ఎక్కించాక మేం చేసే రెండో పని అప్‌డేట్లు ఆపేయడం. కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో కన్నాలు పూడ్చుకుంటూ ఇంటర్నెట్ ద్వారా పంపే మరమ్మతులే అప్‌డేట్లు. వాటితోపాటు, ఇది కొన్నదా దొంగదా అని తనిఖీ చేసే ప్రోగ్రామ్ కూడా వస్తుంది. అందుకని మొత్తానికే తలుపు మూసేసేవాళ్ళం. దొంగతనం బయటపడదు. వైరస్‌లు దూరే కన్నాలూ పూడవు.

ఆ సంవత్సరం మొదట్లోనే ఒక వార్త వచ్చింది. కంపెనీ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ని పాతది వాడుతున్నవాళ్ళకి ఒక ఏడాది పాటు ఉచితంగా ఇస్తుందట. అన్నేళ్ళుగా డబ్బు లేనిదే మాట్లాడని కంపెనీ ఊరికే ఇస్తుందంటే ఎవరికి నమ్మకం కలుగుతుంది? నా షాపు ముందు బెంచీ మీద రోజూ అదే చర్చ.

పిట్టలవానిపాలెంలో ఎరువుల కొట్టు నడిపే బ్రహ్మయ్య గారు, “మొదటేడు విత్తనాలు ఊరికే ఇస్తారయ్యా. రెండో ఏడు నువ్వే వాడి కొట్టు వెతుక్కుంటూ పోతావు. ఇదీ అంతే” అని తేల్చేశారు. సూర్యలంక బీచికి వచ్చిపోయేవాళ్ళ ఫొటోలు తీసే బాపట్ల స్టూడియో ఆయన, “మన ఫొటోలన్నీ వాళ్ళ దగ్గరికి లాక్కోడానికే అన్నయ్యా, చూస్తా ఉండు” అన్నాడు. నేను టీ తాగుతూ పెద్ద తెలిసినవాడిలా తల ఊపేవాణ్ణి. నా ఆశ వేరు. దొంగ కాపీలకు కూడా ఇస్తారని మధ్యలో ఒక మాట వచ్చింది. అదే నిజమైతే నేను మూడు ఊళ్ళలో చేసిందంతా ఒక్క దెబ్బతో కడిగేసుకున్నట్టే. అంత సంతోషం నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు. ఎండలు ముదిరేసరికి కంపెనీ వివరణ ఇచ్చింది. కొత్తది ఎక్కించుకున్నా దొంగ కాపీ దొంగ కాపీగానే ఉంటుందట. సరే, ఇన్నాళ్ళూ ఎవరికి తెలిసింది, ఇకముందు ఎవరికి తెలుస్తుంది అని ఊరుకున్నాను.

జూన్‌లో రేపల్లె నుంచి సువార్త టీచరు గారు ఫోన్ చేశారు.

ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యాక, ఇంటి ముందు హాల్లో ఆడపిల్లల కోసం టైపింగ్, కంప్యూటర్ సెంటర్ పెట్టారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలు. కొంతమంది తల్లులు కూలికి వెళ్ళేవాళ్ళు. ఆవిడ సంతకం పెట్టిన సర్టిఫికెట్ అంటే రేపల్లె కొట్లలో, ఆఫీసుల్లో ఒక విలువ. ఆ సెంటర్‌కి ఎనిమిది కంప్యూటర్లు మూడేళ్ళ కిందట నేనే పెట్టాను. పెట్టిన రోజు ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. వాళ్ళ చర్చి అయ్యగారు వచ్చి, ఒక్కో కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, “న్యాయంగా సమకూర్చుకున్న ఈ యంత్రాలను దీవించు తండ్రీ” అని ప్రార్థించారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నాకు ఆ అలవాటు లేక యూపీఎస్ వైరు వంక చూస్తూ నిలబడ్డాను. చివర్లో అందరూ ఆమెన్ అంటే నేనూ ఒక క్షణం ఆలస్యంగా అన్నాను. ఆ తర్వాత నాకు శాలువా కప్పారు.

ఆ ప్రార్థనకి ముందు టీచరు గారు నన్ను పక్కకి పిలిచి ఒక మాట అడిగారు. “కోటేశూ, వీటిల్లో మనం కొననిది ఏదీ లేదుగా నాయనా?” అన్నారు. “అన్నీ కంపెనీవేనండి” అన్నాను. కంపెనీవే. అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇప్పుడు ఫోన్‌లో ఆవిడ అడిగింది ఇది: “మా చెల్లెలి కూతురి కంప్యూటర్‌లో కింద మూలన ఒక గుర్తు వచ్చిందటయ్యా. కొత్తది ఉచితంగా కావాలంటే అది నొక్కి పేరు ఇచ్చుకోవాలట. మనకి ఎనిమిదింటిలో ఒక్కదానికీ రాలేదేంటి?”

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆ గుర్తు వచ్చేది అప్‌డేట్ల దారిలోనే. ఆ దారి మూసింది నేను.

“దశలవారీగా ఇస్తున్నారండి. మనకీ వస్తుంది” అన్నాను.

ఆవిడ నమ్మారు. రోజూ పొద్దున సెంటర్ తెరవగానే పిల్లలు ఎనిమిది తెరల కింద మూలలూ చూసి, “రాలేదు టీచర్” అని చెప్పేవాళ్ళట. ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పారు. జులై చివర్లో మళ్ళీ ఫోన్ చేశారు. “ఆ కొత్తది విడుదలైందట కదా. గుర్తు రాకపోయినా నువ్వొచ్చి పెట్టగలవా? శనివారం పదకొండింటికి అయ్యగారిని కృతజ్ఞత ప్రార్థనకి రమ్మన్నాను. అడగకుండా మనకి ఒక మేలు జరుగుతున్నప్పుడు ఊరికే తీసుకోకూడదు. నువ్వు పిల్లలకి రెండు ముక్కలు చెప్పాలి, ఆ కంపెనీ ఎందుకు ఉచితంగా ఇస్తుందో.”

సరేనన్నాను. పెన్ డ్రైవ్‌లో కొత్త దానికి కూడా ఒక దొంగ కాపీ సిద్ధం చేసుకున్నాను. అయ్యగారు వచ్చేలోపు కనీసం రెండింటిలో ఎక్కించేస్తే సరిపోతుందనుకుని శనివారం పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే జేబులో ఆ పెన్ డ్రైవ్‌ని రెండు మూడుసార్లు తడుముకున్నాను. భయమని అప్పుడు ఒప్పుకోలేదు.

నేను వెళ్ళేసరికి పిల్లలందరూ తలంటుకుని, మంచి బట్టలు వేసుకుని కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. “ముందు నువ్వు మాట్లాడు, పని తర్వాత” అన్నారు టీచరు గారు. వాళ్ళలో దీవెన అనే పిల్ల నేను నోరు తెరవకముందే లేచింది.

“సార్, వాళ్ళకేంటండి లాభం? ఊరికే ఎందుకిస్తారు?”

ఇది నాకు కొట్టిన పిండి. బెంచీ మీద ఆరు నెలలు విన్నదంతా చెప్పడం మొదలుపెట్టాను. “ఊరికే ఇచ్చేవాడికి మన డబ్బు కాదమ్మా, మన అలవాటు కావాలి. ఒకసారి వాడిది ఇంట్లో పెట్టుకుంటే, ఏది చెడినా వాడి దగ్గరికే వెళ్ళాలి. లోపల ఏముందో మనకి తెలియదు, వాడికే తెలుసు. కాబట్టి వాణ్ణి వదిలి వేరే చోటికి పోలేం...”

అక్కడ ఆగిపోయాను. పిల్లలు ఇంకా వింటూనే ఉన్నారు. నేను ఆ కంపెనీ గురించి చెప్పడం ఎప్పుడో మానేసి, నా గురించి చెబుతున్నానని అప్పుడు తెలిసింది.

“టీచరు గారూ, ఒక్కసారి వరండాలోకి వస్తారా అండి” అన్నాను.

బయటికి వచ్చాక దాచకుండా చెప్పేశాను. సీడీ సంగతి, అప్‌డేట్ల సంగతి, జేబులో ఉన్న పెన్ డ్రైవ్ సంగతి. “మీరు నెలనెలా వైరస్ వచ్చిందని నన్ను పిలుస్తారే, అది కూడా చాలావరకు అందుకేనండి. తలుపు మూసింది నేనే. బాగుచేయడానికి వచ్చేదీ నేనే” అన్నాను.

ఆవిడ అరుగు మీద కూర్చున్నారు.

“అయితే నువ్వూ ఊరికే ఇచ్చావన్నమాట. నీకేంటి లాభం?”

“మీరు మళ్ళీ నా దగ్గరికే రావాలనండి.”

“నిజంగా ఊరికే ఇచ్చేవాళ్ళే లేరా, న్యాయంగా?”

ఉన్నారు. ప్రపంచంలో ఎందరో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. నాకు వాటి సంగతి పదేళ్ళ నుంచి తెలుసు. “ఉన్నాయండి” అన్నాను.

“మరి మాకెందుకు పెట్టలేదు?”

“అలవాటు లేదని ఎవరూ అడగరండి...”

“నేను అడిగానుగా నాయనా” అన్నారు.

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇంతలో అయ్యగారు స్కూటర్ దిగారు. టీచరు గారు ఆయన్ని లోపలికి తీసుకువెళ్ళి, పిల్లలందరి ముందే చెప్పారు. “ఈరోజు ప్రార్థన లేదండి అయ్యగారూ. ఇవి నడిచేది మనం కొన్నదానితో కాదట. నాకు ఇప్పుడే తెలిసింది.” నా పేరు చెప్పలేదు. చెప్పకపోయినా అందరూ నా వంకే చూశారు. నేనే ముందుకు వచ్చి, “తప్పు నాదండి, ఆవిడ ఆరోజే అడిగితే అబద్ధం చెప్పాను” అన్నాను.

అయ్యగారు కొంచెం సరదా మనిషి. బైబిల్ చంకలో సర్దుకుంటూ, “మరి మూడేళ్ళ కిందట చేసిన ప్రార్థన సంగతేంటమ్మా?” అన్నారు.

“అది దేవుడు చూసుకుంటాడు లెండి. మనం చేయాల్సింది మనం చూద్దాం” అని టీచరు గారు ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి తన చేత్తోనే ఆపేశారు. ఎనిమిదో దాని ముందు దీవెన కూర్చుని ఉంది. ఆ పిల్ల లేచి పక్కకి జరిగింది.

నేను ఇక ఆ సెంటర్ గడప తొక్కే పని ఉండదనుకున్నాను. గుమ్మం దాకా వచ్చి టీచరు గారు, “వచ్చే శనివారం రా. ఆ న్యాయమైనది తీసుకురా. ఈసారి నువ్వు చేస్తుంటే పిల్లలు చూడటం కాదు, పిల్లలు చేస్తుంటే నువ్వు చూడాలి” అన్నారు.

అలాగే జరిగింది. ఆరు కంప్యూటర్లలో ఆ ఉచితమైనది పిల్లలే ఎక్కించారు. బయట ఆఫీసుల్లో వాడేది కూడా రావాలి కాబట్టి, మిగతా రెండింటికి కంపెనీ లైసెన్స్‌లు కొన్నాం. ఆ రెండూ నా వంతు అన్నాను. ఆవిడ ఒకటే ఒప్పుకున్నారు. అంతా సుఖంగా ఏమీ జరగలేదు. తెర కొత్తగా ఉందని ఇద్దరు పిల్లలు మానేసి వేరే సెంటర్‌లో చేరారు. ప్రింటర్ ఒకటి ఆ కొత్తదానితో పనిచేయనని మొండికేస్తే దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ కోసం నేనూ దీవెనా రెండు వారాలు కుస్తీ పట్టాం. చివరికి దారి కనిపెట్టింది ఆ పిల్లే.

ఆగస్టు ఆఖరులో అయ్యగారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఒక్కో కంప్యూటర్ మీద చెయ్యి పెట్టారు. ఈసారి నేను కళ్ళు మూసుకున్నాను. మా ఇంట్లో తెలిస్తే నవ్వుతారేమో. ఆమెన్ మాత్రం అందరితోపాటే అన్నాను. శాలువా ఎవరూ కప్పలేదు, అదే న్యాయమనిపించింది.

ఆ తర్వాత వైరస్ వచ్చిందని సువార్త టీచరు గారి నుంచి నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. లోపల ఏముందో ఇప్పుడు అక్కడి పిల్లలకే తెలుసు. వృత్తిపరంగా చూస్తే ఒక మంచి కస్టమర్‌ని పోగొట్టుకున్నాను. పండక్కి కేకు పంపిస్తారు, అది వేరే సంగతి.

‘ఫైనల్’ సీడీని ఆ వారమే విరిచేశాను. ఇప్పుడు నా బిల్లులో ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఒక వరుస ఉంటుంది. కొన్నదా, ఉచితమైనదా, అసలు లేదా అని రాసి, కస్టమర్ అడగకముందే చదివి వినిపిస్తాను. చాలామందికి అది నచ్చదు. మొన్న కూడా ఒకాయన బిల్లు చూసి, “దీనికి డబ్బులేంటండి? పక్క షాపతను ఫ్రీగా వేసిస్తానన్నాడు” అన్నాడు.

“అతనికేంటి లాభమో అడిగారా?” అన్నాను.

“మీకెలా తెలుసండి అతని సంగతి?” అని నవ్వాడు.

తెలియకేం. పదకొండేళ్ళపాటు ఆ పక్క షాపతను నేనే.