ఖాదర్ ఆఖరి బాస్ పెట్టె

దెయ్యం కథ అనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. శ్మశానం పక్క సందులో ఏళ్ల తరబడి అద్దెకున్నవాణ్ణి, ఒక్కనాడు కూడా దారి మార్చుకుని నడవలేదు. ఇది చదివి "ముసలాడికి మతి తప్పింది" అనేవాళ్లకీ, "చూశావా, మేం చెప్పలేదా" అని చంకలు గుద్దుకునేవాళ్లకీ ఒకటే మాట. జరిగింది జరిగినట్టు చెప్తాను. మీ అభిప్రాయం మీ దగ్గరే ఉంచుకోండి.

పూర్ణా మార్కెట్ దగ్గర నాకు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు ఉండేది. నేను చదివింది ఐదో తరగతి. మిగతాదంతా పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న ఇంగ్లీషు పత్రికల్లోంచి, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే.

ఎనభైల మొదట్లో ఓడ మీద పనిచేసే ఒకాయన విదేశం నుంచి ఒక స్పీకరు పెట్టె తెచ్చాడు. దాని వెనక పలకకే యాంప్లిఫయర్ బిగించి ఉంది. పాటలో డోలు, మృదంగం లాంటి లావు శబ్దాలు మాత్రమే పలికే పెట్టె అది. ఆ దేశపు తక్కువ కరెంటుకి చేసినదాన్ని ఆయన మన కరెంటుకి గుచ్చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి నా బల్ల మీదికొచ్చింది. బాగుచేసి పంపేలోగా దాని కొలతలన్నీ తీసుకున్నాను.

అలాంటివి మనమే చేద్దామన్నవాడు ఖాదర్. వన్‌టౌన్‌లో వడ్రంగి. వాడు పెట్టె చేసేవాడు, నేను లోపలి యాంప్లిఫయర్ కట్టేవాణ్ణి. లావు శబ్దాన్ని ఇంగ్లీషులో బాస్ అంటారు కాబట్టి, మేం దాన్ని బాస్ పెట్టె అనేవాళ్లం.

ఈ పెట్టెలు ఎందుకు పాడవుతాయో అడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్తాను. యాంప్లిఫయర్‌ని తీసుకెళ్లి స్పీకరుతో పాటు ఒకే పెట్టెలో పెట్టాక, స్పీకరు కొట్టే ప్రతి దెబ్బా దానికీ తగులుతుంది. టంకాలు పైకి మెరుస్తూనే ఉంటాయి, లోపల పట్టు వదిలేస్తాయి. వేడి బయటికి పోయే దారి ఉండదు. పైగా మా సముద్రపు గాలి, దేన్నీ బతకనివ్వదు. పెట్టె బిర్రుగా లేకపోతే నా టంకం ఎంత గట్టిదైనా దండగే.

ఆ సంగతి ఖాదర్‌కి నేను చెప్పక్కర్లేదు. జిగురు ఆరాక పెట్టెకి చెవి ఆనించి, వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆగి, విని, ఇంకొకటి కొట్టేవాడు. నచ్చితే, "పలికింది గురూ. ఇంక నీ కరెంటెట్టుకో" అనేవాడు. నచ్చకపోతే మొహం చిట్లించి, "ఎక్కడో అబద్ధమాడతంది గురూ" అని మళ్లీ కొట్టేవాడు. ఆ అబద్ధం దొరికేదాకా పెట్టె నా కొట్టుకి వచ్చేది కాదు. రెండు, ఆగి ఒకటి. ఎప్పుడూ అంతే.

ఒక వానాకాలం ఖాదర్‌కి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చాం. తిరిగి రాలేదు. అప్పటికి వాడి దగ్గర ఒక పెట్టె సగంలో ఉంది. తమ్ముడు జాఫర్ దానికి వెనక పలక బిగించి, రంగేసి నాకిచ్చాడు. నేను యాంప్లిఫయర్ పెట్టి అప్పారావుకి అప్పగించాను.

అప్పారావు కూర్మన్నపాలెంలో మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. కొత్త క్వార్టర్లు, కొత్త కాపురాలు, వారానికో పెళ్లో, పేరంటమో. నాకు వరసకేమీ కాకపోయినా బావ అనే పిలిచేవాడు.

కొన్నాళ్లకి పెట్టె వెనక్కి వచ్చింది. మధ్యమధ్యలో శబ్దం పోతోందన్నాడు. విప్పి చూస్తే టంకం వదిలింది. మళ్లీ వేశాను. అది మామూలు జబ్బే. రెండోసారి మాత్రం అప్పారావు పెట్టెని ఆటోలోంచి దించి, లోపలికి కూడా తేకుండా నా కొట్టు మెట్టు మీదే పెట్టేశాడు.

"బావా, నీకు దండమెడతాను, ఇది నాకొద్దు. తీగ పీకీసి పక్కనెట్టినా కొడతన్నాది. పెళ్లి బోయినాల కాడ జనం ఇస్తర్లొదిలీసి లెగిసిపోనారు."

"ఎలకేమోరా."

"ఎలకైతే లెక్కెట్టి కొడతాదేటి?"

నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ మండించింది ఊళ్లో పుట్టిన పుకారు. చచ్చినవాడు చేసిన పెట్టె అట, దాంట్లో వాడే ఉన్నాడట. అక్కడితో ఆగినా బాగుండేది. ఖాదర్ పనిముట్లతో చేసిన దేన్నీ ఇంటికి తెచ్చుకోకూడదన్నారు. జాఫర్‌కి మంచాలు, బీరువాలు చెప్పినవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఖాదర్ భార్య, పిల్లలు ఆ వడ్రంగి కొట్టు మీదే బతుకుతున్నారు.

ఓ రోజు జాఫర్ నా దగ్గరికొచ్చి తల దించుకుని కూర్చున్నాడు. "కొట్టు మూసెత్తన్నాను అన్నా. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేకాడ కూలికెల్తాను. భాబీకి ఏటి సెప్పాలో తెలీటం లేదు."

"ఎవడో వాగితే నువ్వు కొట్టు మూసేస్తావా? అది యంత్రంరా. యంత్రానికి ఉండేది జబ్బు, దెయ్యం కాదు. ఆ జబ్బేదో నలుగురి ముందూ చూపిస్తాను. అప్పటిదాకా తాళం వేశావంటే నీ కాళ్లిరగ్గొడతాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. జాఫర్‌నీ, అప్పారావునీ ఎదురుగా కూర్చోబెట్టాను. కరెంటు తీశాక కూడా కెపాసిటర్లలో కొంత నిలవుంటుంది, అది స్పీకరుని కొట్టొచ్చు. అందుకని యాంప్లిఫయర్ మొత్తం విప్పి బల్ల మీద పెట్టాను. స్పీకరు కూడా తీసేశాను. మిగిలింది వట్టి చెక్క పెట్టె, దానికి ముందు స్పీకరు చోట ఒక కంత, వెనక యాంప్లిఫయర్ చోట ఒక కంత. వాటిలోంచి టార్చి వేసి అన్ని మూలలూ చూశాను. ఎలకా లేదు, బల్లీ లేదు.

"చూశారా? ఇప్పుడు కొట్టమనండి" అన్నాను. టీ తెప్పించాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. మార్కెట్లో మూటలు దించేవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి.

అప్పారావు గ్లాసు నోటి దాకా తీసుకెళ్లాడు. పెట్టె కొట్టింది.

రెండు. ఆగి, ఒకటి.

లారీ పోయిన అదురు కాదు. చెక్క విరిగిన చప్పుడు కాదు. కణుపులతో కొట్టినట్టు, పొడిగా, తాపీగా.

అప్పారావు గ్లాసు కింద పెట్టి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. జాఫర్ మాత్రం కదల్లేదు. "అది అన్నయ్య దెబ్బే" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాను.

భయం వేయలేదని బడాయికి పోను. కానీ భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నా కొట్లో, నా బల్ల మీద, నేను విప్పి ఖాళీ చేసిన పెట్టె నాకు తెలియకుండా మోగడమేమిటి? దగ్గరికెళ్లి అరచేతులు రెండూ పెట్టె పక్కపలకలకి ఆనించి నిలబడ్డాను. "కొట్టు, ఎక్కడ కొడతావో చూస్తాను" అని పైకే అన్నాను.

కొట్టింది. ఎడమ అరచేతి కింద, పలక అడుగు భాగంలో. నా చర్మానికి తగిలింది. అదే లెక్క.

అప్పుడు గుర్తొచ్చింది, నచ్చని పెట్టెని ఖాదర్ ఏమనేవాడో: "ఎక్కడో అబద్ధమాడతంది." కంతలోంచి చెయ్యి పెట్టి ఆ చోటే తడిమాను. పలక బిర్రుగా ఉండడానికి లోపల అడ్డంగా చెక్క పట్టీలు బిగిస్తాం. అక్కడున్న పట్టీ నా వేలికి కదిలింది. మేకు ఉంది, జిగురు లేదు. చుక్క కూడా లేదు.

జాఫర్‌ని పిలిచి చూపించాను. వాడూ చెయ్యి పెట్టి దాన్ని కదిపి చూశాడు. తర్వాత, "అన్నయ్య ఆ పట్టీకి మేకు కొడతన్నప్పుడే ఒళ్లు కాలతంది అన్నాడన్నా. ఇంటికి పంపీసినాను. జిగురెట్టీసే ఉంటాడనుకుని పలక మూసీసినాను" అన్నాడు.

జిగురు వాడి చేతే పెట్టించాను. బిగించి, ఒక రోజంతా ఆరనిచ్చాం. తర్వాత యాంప్లిఫయర్, స్పీకరు బిగించి, పెట్టెని కూర్మన్నపాలెం జంక్షన్‌లో అప్పారావు కొట్టు ముందు పెట్టి, పొద్దున్నించి సాయంత్రం దాకా మోగించాను. మధ్యాహ్నం కరెంటు పీకేసి, నేనే దాని మీద కూర్చుని అన్నం తిన్నాను. జనం చుట్టూ మూగారు.

"ఏటి మేస్త్రీ, దెయ్యానికి సెలవిచ్చీసినావేటి?" అన్నాడొకడు.

"దెయ్యానికి కాదు, పట్టీకి జిగురిచ్చాం. నీ మంచం కిర్రుమంటే చెప్పు, జాఫర్ దానికీ ఇస్తాడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ వారమే జాఫర్‌కి ఒక మంచం పని వచ్చింది. తర్వాత బీరువా. కొట్టు మూతపడలేదు. ఖాదర్ పిల్లలు ఆ కొట్టు అన్నమే తిని పెరిగారు.

ఇంతవరకూ విని తెలివైనవాళ్లు తల ఊపుతారు. వదులు పట్టీ కదా, తేమకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని చప్పుడు చేసి ఉంటుంది అంటారు. ఆ మాత్రం నాకు తోచదనుకున్నారా? జాఫర్ చేత ఇంకో పెట్టె చేయించి, కావాలనే ఒక పట్టీకి జిగురు పెట్టకుండా వదిలించాను. ఎండలో పెట్టాను, తడిగుడ్డ కప్పాను, పాట పెట్టి అదరగొట్టాను. పాటకి గిలగిలలాడింది. ఊరికే ఉన్నప్పుడు ఎప్పుడైనా ఒక్కసారి టిక్కుమంది. రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టలేదు. కొట్టమంటే నా అరచేతి కింద కొట్టలేదు.

మరేమిటంటారా? నాకు తెలీదు. ఇన్నేళ్లుగా తెలీదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు రండి, ఖాళీ పెట్టె ఇస్తాను, మోగించి చూపించండి.

అప్పారావు వ్యాపారం మానేసినప్పుడు ఆ పెట్టెని నేనే తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. లోపలి యాంప్లిఫయర్ ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు. స్పీకరు కాగితం చిరిగితే కొత్తది వేయించాను. ఆ పట్టీ మాత్రం ఇంతవరకూ కదల్లేదు. పెట్టె మళ్లీ తనంతట తాను మోగలేదు.

దానికి రిపేరు చేసినప్పుడల్లా, యాంప్లిఫయర్ తిరిగి బిగించే ముందు నేను పెట్టెకి చెవి ఆనించి, కణుపులతో రెండు దెబ్బలు కొడతాను. ఆగి, ఇంకొకటి. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి. దెయ్యాల్ని నేను నమ్మను. పెట్టె పలికిందో లేదో చూసుకోవాలి కదా.