సెలవు పెట్టని మాస్టారు

ఆ హైస్కూలు గేటు దాటి లోపలికి అడుగు పెడితే ముందు కనిపించేది పిల్లలు కాదు, అద్దాల బీరువా. దాని నిండా కప్పులూ షీల్డులూ ఇత్తడి పళ్ళేలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. బీరువా పైన గోడంతా ఫ్రేములు. ఉత్తమ పాఠశాల, పరిశుభ్ర పాఠశాల, అన్నిటికీ మధ్యలో నాణ్యతా గుర్తింపు పత్రం, దాని కింద బంగారు రంగులో గ్రేడు. ఆ గ్రేడు ఒకసారి ఇచ్చేసి ఊరుకునేది కాదు. కొన్నేళ్ళకోసారి తనిఖీ బృందం దిగి, బెంచీల నుంచి మరుగుదొడ్ల దాకా చూసి, మళ్ళీ ఇస్తుంది, లేదంటే తగ్గిస్తుంది. వాళ్ళు వస్తున్నారంటే చాలు, స్కూలు స్కూలంతా కాళ్ళకు చక్రాలు కట్టుకుంటుంది.

ఆ గోడ మీది ఫ్రేముల్లో సగం తన చలవేనని లెక్కల మాస్టారికి లోలోపల గట్టి నమ్మకం. పైకి అనేవారు కాదు గానీ, బీరువా ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆయన నడక చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. బళ్ళో ఆయనకి సెలవు పెట్టని మాస్టారని పేరు. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక్క రోజూ మానలేదు. పెళ్ళి కూడా వేసవి సెలవుల్లో చేసుకున్న మహానుభావుడు. ఒళ్ళు కాలిపోతున్నా మఫ్లరు చుట్టుకుని వచ్చేసేవారు. "జ్వరం కూడా ఈయన్ని పట్టుకోవాలంటే ఆదివారం దాకా ఆగాలి" అని సైన్సు టీచరు ఆటపట్టించేది.

తను రావడంతో ఆగితే బాగుండేది. తన తరగతి పిల్లలు కూడా ఒక్కరు తప్పకుండా రావాలి. నెలకోసారి, అందరికన్నా ఎక్కువ హాజరున్న తరగతికి స్కూలు వాళ్ళు ఒక చెక్క షీల్డు ఇస్తారు. నెలంతా దాన్ని నల్లబల్ల పైన మేకుకి తగిలించుకోవచ్చు. అది మాస్టారి తొమ్మిదో తరగతి గదిలో పాతుకుపోయింది. ఒకసారి ఎవడో గవదబిళ్ళలతో, బూరెల్లాంటి బుగ్గలేసుకుని, షీల్డు పోకూడదని వచ్చి కూర్చున్నాడు. మాస్టారు వాడి వీపు తట్టి శభాష్ అన్నారు. నెల తిరిగేసరికి సగం తరగతికి బుగ్గలు వాచాయి, షీల్డు పక్క గదికి పోయింది. స్టాఫ్ రూములో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మాస్టారి మొహంలో మాత్రం ఆ నెలంతా నెత్తురు చుక్క లేదు. దాంతోనైనా బుద్ధి వచ్చిందా అంటే, అదీ లేదు.

ఏటా బడి తెరిచిన కొత్తలో ఆయన పిల్లలకి ఒక సంగతి చెప్పేవారు. బడికి మొట్టమొదటిసారి తనిఖీ జరిగిన రోజున, తెల్లారేసరికి మాస్టారి నాన్నగారు పోయారు. అయినా ఆయన బడికి వచ్చారు. పాఠం చెప్పారు. సాయంత్రం దాకా ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిశాక బృందం పెద్ద లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. తొలి గ్రేడు అలా వచ్చింది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టుకుని వినేవాళ్ళు. హెచ్చెమ్ మేడమ్ కూడా, వచ్చిన అతిథులకి బీరువా చూపిస్తూ, ఆ సంగతి చెప్పకుండా వదిలేది కాదు. ఇన్నేళ్ళూ చెప్పీ చెప్పీ, అది అలాగే జరిగిందని మాస్టారే నమ్మడం మొదలుపెట్టారు.

ఆ ఏడాది తొమ్మిదో తరగతిలో టైలరమ్మ కూతురు ఉంది. టైలరమ్మంటే బళ్ళో తెలియనివాళ్ళు లేరు. పిల్లల యూనిఫారాలు చాలావరకు ఆవిడ మిషను మీద కుట్టినవే. మొగుడు ఎప్పుడో పోతే, తమ్ముడి అండతో, ఆ మిషనుతో నెట్టుకొచ్చింది. కూతురికి కొత్త స్కర్టు కుట్టడానికి మాత్రం ఆవిడకి తీరిక ఉండేది కాదు. పిల్ల ఎదిగినప్పుడల్లా పాత స్కర్టే అంచు విప్పి కిందికి దించేది. విప్పిన మడతల గీతలు గుడ్డ మీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తూనే ఉండేవి.

ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మిషను మీద దుప్పటి కప్పేశారు. పిల్ల పొద్దున్నే ఇంత అన్నం వండి, తల్లికి మందులిచ్చి, రొప్పుతూ బడికి వచ్చేది. ఒక్క రోజూ మానలేదు. మాస్టారికి ముచ్చటేసింది. ఒకరోజు ఆ పిల్లని లేపి నిలబెట్టి, ఇంట్లో అంత కష్టం పెట్టుకుని ఎలా వస్తోందో చూడమని తరగతి చేత చప్పట్లు కొట్టించారు. పిల్ల సిగ్గుపడి, తలెత్తి ఒకసారి షీల్డు వైపు చూసి కూర్చుంది. ఆయన మంచే చేశాననుకున్నారు పాపం.

మళ్ళీ తనిఖీ రోజు రానే వచ్చింది. బీరువా అద్దాలు తుడిచారు, మెట్లు కడిగారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని హాజరు పిలుస్తున్నారు. టైలరమ్మ కూతురి వంతు వచ్చినప్పుడు "ప్రెజెంట్ సర్" అన్న గొంతు ఎలాగో వినిపించి తల ఎత్తారు. జుట్టు రేగిపోయి ఉంది. రిబ్బన్లు లేవు. చొక్కా నలిగి ఉంది. అన్ని రోజులుండగా ఈ రోజే ఇలా తయారైందేమిటని ఆయనకి చిర్రెత్తుకొచ్చింది.

"తల కూడా దువ్వుకోలేదేమ్మా? వాళ్ళొచ్చే రోజున ఇలాగేనా రావడం?"

పిల్ల లేచి నిలబడింది. "అమ్మ పోయింది సర్, పొద్దున్నే. మామయ్య బండి మాట్లాడ్డానికి వెళ్ళాడు. ఇంటి నిండా జనం ఉన్నారు. ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను."

పిల్ల ఇంకా తప్పు చేసినదానిలాగే చూస్తోంది. "మీరు కూడా వచ్చారు కదా సర్" అంది.

దాచడం దేనికి, ఆ మాట వినగానే మాస్టారి మనసులో ముందు కదిలింది గర్వమే. రెప్పపాటే. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం పుట్టుకొచ్చింది. హాజరు పుస్తకం మూసేసి, పిల్ల సంచి తనే భుజాన వేసుకుని, పద తల్లీ అన్నారు.

గేటు దగ్గర హెచ్చెమ్ మేడమ్, వెనకాల టీచర్లంతా వరసగా నిలబడి ఉన్నారు. వీధి మలుపులో బృందం కారు కనిపిస్తోంది. ఇప్పుడు ఎక్కడికని మేడమ్ కంగారుగా ఎదురొచ్చింది. మాస్టారు పిల్లని స్కూటరెక్కిస్తూనే, టైలరమ్మ పోయిందని చెప్పారు. మేడమ్ పిల్ల మొహం చూసింది, ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. పక్కకి తప్పుకుంది. కారు లోపలికి వస్తుంటే మాస్టారి స్కూటరు దాని పక్క నుంచే బయటికి పోయింది.

సందు మొదట్లో రోడ్డు తవ్వేసి ఉంది. స్కూటరు అక్కడే వదిలేసి నడవసాగారు. పిల్ల ఆయన వెనక పరుగులాంటి నడకతో వస్తూ, షీల్డు పోతుంది కదా సర్ అని అడిగింది. మాస్టారు ఆగిపోయారు. వంగి, ఆ పిల్ల మొహంలోకి చూశారు.

"నేను చెప్పేదంతా నిజం కాదమ్మా. ఆ రోజు నేను గొప్ప కోసం రాలేదు. మా నాన్నని అలా చూడాలంటే భయమేసి వచ్చేశాను. పాఠం చెబుతున్నంతసేపూ ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం వెళ్ళేసరికి తీసుకెళ్ళిపోయారు. నా కోసం చూసి చూసి తీసుకెళ్ళారట. నువ్వు అలా చెయ్యొద్దు తల్లీ. నడు, తొందరగా నడు."

వాళ్ళు వెళ్ళేసరికి బండి వాకిట్లో ఆగి ఉంది. పిల్ల ఏమైందో తెలియక మేనమామ వీధంతా తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిట్టబోయి, పిల్లని చూసి, గట్టిగా దగ్గరికి తీసుకున్నాడు. నీకోసమే ఆపామే అన్నాడు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. పిల్ల లోపలికి వెళ్ళింది. దుప్పటి కప్పిన మిషను పక్కనే పడుకోబెట్టారు ఆవిడని. కాసేపటికి లోపలి నుంచి అమ్మా అన్న కేక వినిపించింది.

మాస్టారు గుమ్మం బయట, చెప్పుల పక్కన, మెట్టు మీద కూలబడ్డారు. మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేక, వెక్కి వెక్కి ఏడ్చారు. టైలరమ్మ కోసం మాస్టారు ఇంతలా ఏడుస్తున్నారే అని పక్కింటావిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన తీసుకుని తాగారు గానీ, ఎవరి కోసమో చెప్పలేదు.

ఆ నెల షీల్డు పక్క గదికి వెళ్ళింది. నల్లబల్ల పైన మేకు మాత్రం మిగిలింది. తర్వాత కొన్నాళ్ళకి బృందం నిర్ణయం వచ్చింది, గ్రేడు ఒక మెట్టు తగ్గింది. మాస్టారు తన వల్లేనని కుమిలిపోతుంటే, సైన్సు టీచరు వచ్చి కారణం చదివి వినిపించింది. లాబులో కుళాయి కారుతోందట, మంటలార్పే సిలిండరు గడువు దాటిపోయిందట. హాజరు గురించి ఒక్క ముక్క లేదు. ఆ మాటకి మాస్టారికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

మర్నాడు ఆయన హెచ్చెమ్ గదిలోకి వెళ్ళి ఒక కాగితం బల్ల మీద పెట్టారు. మేడమ్ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది. అది సెలవు చీటీ. తండ్రి పోయిన నాటి నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడని అక్కయ్య ఇంటికి వెళ్ళడానికి.

"మీరు సెలవు పెట్టడమేంటి మాస్టారూ? ఏమైంది, ఎవరికైనా బాగాలేదా?"

"మా నాన్నగారు పోయారండి" అన్నారు మాస్టారు.

మేడమ్ కలం తీసింది. ఎప్పుడని అడగలేదు. సంతకం పెట్టి కాగితం తన దగ్గరే ఉంచుకుంది.

"వెళ్ళి రండి మాస్టారూ. తొందరేం లేదు."