పోలిక చేను

"పెద్దమ్మా, మీ చేను మాకు పోలికకు కావాలి" అన్నది ఆ అమ్మాయి.

ఎండ మండుతున్న రోజు. చెప్పులు మెట్ల కింద విడిచి వసారాలోకి వచ్చింది. గిద్దలూరు వైపు పిల్ల, మార్కాపురంలో గది తీసుకొని ఉంటున్నదట. ప్రకృతి సేద్యం చేస్తే రైతుకు ఎంత మిగులుతుంది, నేలకు ఏం మేలు జరుగుతుంది అని ఊరూరా కొలిచి పైకి పంపడం ఆమె ఉద్యోగం.

"పోలిక అంటే ఏంది?" అని అడిగినాను.

ఓపికగా చెప్పింది. బండిబాటకు అటు పక్క ఒక చేను, ఇటు పక్క నా చేను. రెండూ ఎర్ర నేలలే, రెండూ వాన మీద బతికేవే, ఈ ఏడు రెండింటిలోనూ కందే వేస్తున్నారు. అటు పక్కది ప్రకృతి సేద్యం, ఇటు పక్కది మామూలు సేద్యం. పంట కోసి తూస్తే తేడా తెలుస్తుంది. ఆ తేడాయే పథకం ఫలితం.

"మీరు కొత్తగా ఏమీ చెయ్యొద్దు పెద్దమ్మా. మీ ఇంట్లో ఎప్పుడూ ఎట్ల చేస్తారో అట్లనే చెయ్యండి. అంతే."

"అటు పక్క చేను ఎవరిదో తెలుసా?"

"తెలుసు. మండలానికే ఆదర్శ రైతు కదా."

"అది మా తాతది."

ఆమె చేతిలోని ఫోను వైపు చూసుకున్నది. మర్యాద తెలిసిన పిల్లే. "దీంట్లో ఆ వివరానికి చోటు లేదు పెద్దమ్మా. ఇది పోయిన ఏడాది సాగు నుంచే అడుగుతుంది" అన్నది.

మంచినీళ్ళు ఇచ్చి, సరేనన్నాను.

కొనకనమిట్ల మండలంలో మా ఊళ్ళో మమ్మల్ని ఇప్పటికీ పెద్దింటోళ్ళు అంటారు. ఒకప్పుడు గౌరవంగా అనేవాళ్ళు, ఇప్పుడు నవ్వుతూ అంటారు. మార్కాపురం దగ్గర మా తాతకు పలకల గనులుండేవి. ఎక్కడెక్కడి పిల్లలో మా రాతి మీద అక్షరాలు దిద్దినారు. ప్లాస్టిక్ పలక వచ్చింది, నోటుపుస్తకం వచ్చింది, గనుల్లో నీళ్ళు నిలిచినాయి. ఆ తర్వాత ఒక్కొక్క చేనూ పోయింది. చివరికి ఇల్లూ, బాటకు ఇటు పక్క చేనూ మిగిలినాయి. పోయినవాటి కోసం నేను ఎవరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. అమ్మినవి అమ్మినవే. కానీ అటు పక్క చేను సంగతి వేరు.

మా తాత గనుల్లో సంపాదించిందంతా ఆ నేలలో పోసినాడు. వేసవి వస్తే చెరువు ఒండ్రు బండ్లతో తోలించేవాడు. వాలు వెంబడి రాతికట్టలు వేయించినాడు. పలకకు పనికిరాని రాయంతా అక్కడికే చేరింది. రాచర్ల వైపు నుంచి వచ్చే గొర్రెల మందను రాత్రిళ్ళు ఆ చేలోనే కట్టించేవాడు. పెంటా ఉచ్చా నేలకు దిగితే ఆ బలం ఒక్క పంటతో పోదు. మా నాయన కూడా ఆ పద్ధతి వదల్లేదు. ఇంట్లో పండక్కి కొత్త బట్టలు లేని ఏడు కూడా మా చేలో మంద ఆగింది.

ఆ చేను కొన్న మనిషి అప్పట్లో బోరు లారీ నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తొలిచినాడు. ఆయన తొలిచేకొద్దీ మా బావిలో నీళ్ళు అడుక్కు పోయి, ఒక వేసవిలో కప్ప కూడా మిగలకుండా ఎండింది. బావి ఎండినందుకే చేను అమ్మవలసి వచ్చింది. బావిని ఎండబెట్టినవాడే వచ్చి కొన్నాడు. రిజిస్ట్రేషను రోజున నేనూ నాయన వెంట ఉన్నాను. సంతకాలు అయినాక ఆఫీసు వరండాలో, నలుగురూ వింటుండగా, ఆయన మా నాయనతో అన్నాడు: "మీకు నేలను తినడమే తెలుసు పెద్దాయనా, నేలకు పెట్టడం తెలీదు. ఇంక చూడండి, నా చేతిలో ఎట్ల పండుతుందో."

మా నాయన పంచె సర్దుకొని బస్సెక్కినాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ బండిబాటన నడవలేదు. మిగిలిన చేనికి వాగు చుట్టూ తిరిగి పోయేవాడు, మోకాళ్ళు పట్టుకుపోయిన రోజుల్లో కూడా.

అందుకే ఆ పిల్ల తక్కెడ తెస్తానంటే నాకు వద్దనబుద్ధి కాలేదు. తినడం ఎవరికి తెలుసో, పెట్టడం ఎవరికి తెలుసో ఊరి ముందు తూచి చెప్పేవాళ్ళ కోసమే నేను ఇన్నేళ్ళూ చూసినాను.

ఆమె వచ్చిపోయిన కొన్నాళ్ళకే మంద వచ్చింది. కాపరి ముసలాయన, మా నాయన కాలం నుంచి ఎరిగినవాడు. చేను చేతులు మారినా మంద మాత్రం అలవాటు ప్రకారం ఏటా అటు పక్కనే ఆగుతూ వచ్చింది. ఈసారి ఆయన మా గుమ్మం ముందుకు వచ్చి తలగుడ్డ విదిలించినాడు.

"ఆయన వద్దన్నాడు తల్లీ. ఆవు పేడా ఆవు ఉచ్చా చాలంట. నా గొర్రెలేం పాపం చేసినాయో!"

"ఎందుకు వద్దంటున్నాడో చెప్పినాడా?"

"మందకు ఇచ్చేది ఖర్చు కింద రాస్తారంట. ఆయనకు ఖర్చు కనపడగూడదంట."

"అయితే నా చేలో కట్టు."

"ఎన్నాళ్ళు తల్లీ?"

"నీ గొర్రెలకు విసుగు పుట్టేదాకా."

ఆయన బోసినోటితో నవ్వినాడు. "మా గొర్రెలకు విసుగేంది, నాకే పుట్టాల."

నేను నియమం తప్పలేదు. ఇంట్లో ఎప్పుడూ చేసేదే చెయ్యమన్నారు. మా ఇంట్లో ఎప్పుడూ చేసింది అదే, మధ్యలో కొన్నేళ్ళు చెయ్యలేకపోయినాము. మామూలుగా వేసే డి.ఏ.పి. కూడా వేసినాను, వేసినట్లు ఆ పిల్లకు చెప్పినాను. మంద సంగతి ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

వానలకు కంది మొలిచింది. అటు పక్క చేలో బాట వైపున రంగుల బోర్డు పాతినారు. నా గట్టు మీద చిన్న రేకు ముక్క పెట్టి "పోలిక చేను, మామూలు పద్ధతి" అని రాసినారు. జిల్లాలు విడదీసినా మార్కాపురానికి జిల్లా ఇవ్వలేదని మా వైపు వాళ్ళు గొణుక్కుంటున్న రోజులవి. ఒంగోలు నుంచి ఏ జీపు వచ్చినా ఆయన చేను చూడకుండా పోయేది కాదు. ఫొటో బాగా పడుతుందని నా గట్టు ఎక్కి, నా చేనికి వీపు పెట్టి, ఆయన చేను తీసుకునేవాళ్ళు.

ఆయన బాట మీద నిలబడి కేక వేసేవాడు. "అక్కా, కలుపు తియ్యబాక! నీ చేను ఎంత పాడుబడితే నాకు అంత పేరు!"

జీపులో వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తల ఎత్తకుండా కలుపు తీసేదాన్ని. ఒక్కొక్క గడ్డిపోచ పీకుతుంటే, ఆ నవ్విన మొహాలను గుర్తుపెట్టుకునేదాన్ని. పని తొందరగా సాగేది.

వానలు వెనకబట్టినాక ఆ పిల్ల అడుగు లేని రేకు డబ్బా ఒకటి తెచ్చింది. దాన్ని నేలలోకి దిగగొట్టి, నీళ్ళు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూసింది. మట్టి తవ్వి వానపాములు లెక్కబెట్టింది. నిజం చెప్పాలి, అటు పక్క నేలలో నీళ్ళు తొందరగా ఇంకినాయి. పోసీ పోయకముందే తాగేసింది ఆ నేల.

"చూసినావా అక్కా, జీవామృతం మహిమ!" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆ డబ్బా దిగిన చోటు మా తాత రాతికట్టకు జానెడు ఎగువన. అక్కడికి ఒండ్రు తోలిన బండ్లలో నేను చిన్నప్పుడు ఎక్కి కూర్చున్నాను. కొలత ఎక్కడ మొదలుపెడితే నేల అక్కడే పుట్టినట్లు లెక్క. మొన్న మొన్న ఆయన ఆవు పేడా ఉచ్చా కలిపి పోసిన డ్రమ్ము నీళ్ళూ, మా ఇంటి రెండు తరాల మట్టీ కలిసి ఆయన పేరున పడుతున్నాయి. ఆయన బోర్లకు ఎండిన బావులు మాత్రం ఎవరి పేరునా పడటం లేదు.

కోత రోజు తాళ్ళు కట్టి రెండు చేలలోనూ సమానంగా చదరాలు గీసినారు. కోసింది కోసినట్లు ఎండబెట్టి, గ్రామ సచివాలయం వాకిట్లో కొట్టించి తూచినారు. ఊరంతా వచ్చింది. నాకు కుర్చీ వేసినారు. ఆయనకు కూడా వేసినారు కనుక నేను నిలబడే ఉన్నాను.

ముందు ఆయన గింజలు తూచినారు. మంచి తూకమే. చప్పట్లు కొట్టినారు. తర్వాత నావి. ఆ పిల్ల అంకె చూసి, తక్కెడ తప్పేమోనని గింజలు దించి, మళ్ళీ పోసి తూచింది. మళ్ళీ నావే ఎక్కువ. ఎక్కువంటే పెద్ద ఎక్కువ కాదు, రెండు దోసిళ్ళు. నాకు చాలు.

ఆయన కుర్చీలోంచి లేచినాడు. "ఆ చేను పోలికకు పనికిరాదు మేడం. మంద కట్టించింది. బాటన పోతా నా కళ్ళారా చూసినా. ఇది మోసం."

"మంద కట్టించినారా పెద్దమ్మా?"

"కట్టించినాను. మా ఇంట్లో ఎప్పుడూ చేసేదే." ఆయన వైపు తిరిగినాను. "మోసమా? నీ చేలో అడుగున ఉన్నది కూడా మా మందే. అది తీసి పక్కన పెట్టు, అప్పుడు తూద్దాం."

వెనక ఎవరో ఈల వేసినారు. ఆ పిల్ల చెయ్యి ఎత్తి, "తూకం ఒక్కటే కాదు, ఖర్చు కూడా చూడాలి" అని ఫోనులో ఆయన లెక్క పైకి చదివింది. ఎరువులకు, మందులకు, సున్నా.

చర్చి వీధి ఆమె ఒకతె కిసుక్కున నవ్వింది. ఆయన చేలో డ్రమ్ము పని ఆమెదే.

"సున్నా అంటివా నాయనా? పొద్దూ మాపూ కట్టె పట్టుకొని ఆ డ్రమ్ము తిప్పింది ఎవురు, నీ ఆవా?"

"నీకు కూలి ఇయ్యలేదా ఏంది?"

"ఇచ్చినావులే, లేదంటినా? ఇచ్చినాక సున్నా ఎట్లయితది? ప్రభువు సాక్షిగా నేనైతే సున్నా కాదు. కావాలంటే నా చేతులు వాసన చూడు, కంపు ఇంకా పోలా."

వాకిలంతా నవ్వులు. ఆయన కూడా నవ్వబోయి మూతి బిగించినాడు. ఆమెకు నేను చెప్పి పెట్టలేదు. చెప్పి పెట్టి ఉంటే అంత బాగా అనేది కాదు.

"రాయమ్మా" అన్నాను ఆ పిల్లతో. "ఆమె కూలి రాయి. నా మంద ఖర్చు కూడా రాయి, దాచుకోను. ఆ నేల అంతకు ముందు ఎవరి చేతిలో ఎట్ల ఉండిందో కూడా రాయి."

"దానికి చోటు లేదని చెప్పినాను కదా పెద్దమ్మా."

"ఏదో ఒక మూల ఉంటుంది, చూడు."

వేలితో కిందికి కిందికి జరిపి, అట్టడుగున ఇతర వివరాలు అన్న చోటు పట్టుకున్నది. ఆమె టైపు చేసేదాకా నేను కదల్లేదు. పైకి చదవమన్నాను. చదివింది: ఈ చేనికి పూర్వపు యజమానులు రెండు తరాల పాటు ఒండ్రు, మంద ఎరువు, రాతికట్టలు పెట్టినారు, ఇప్పటి ఫలితంలో ఆ భాగం ఎంతో తెలియదు.

అదే, పెట్టినారు అన్న మాట, ఊరంతా విన్నది. ప్రకృతి సేద్యం చెడ్డదని నేను ఆ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను. నా పగ పథకం మీద కాదు. ఇంటికి పోయి రెండు మార్లు వడ్డించుకొని అన్నం తిన్నాను.

తర్వాత జీపులు తగ్గినాయి. మా ఊళ్ళో తేడా ఏమీ తేలలేదని పైకి పోయిందట. చూడటానికి వచ్చేవాళ్ళను వేరే ఊరి చేలకు తీసుకుపోవడం మొదలుపెట్టినారు. కొలవడం మాత్రం ఆపలేదు.

మరుసటి వేసవిలో మంద ఊరికి చేరకముందే ఆయన మా ఇంటికి వచ్చినాడు. వాకిట్లోనే నిలబడినాడు.

"అక్కా, ఈ ఏడు మందను సగం రోజులు నాకు వదులు."

"ఖర్చు కనపడుతుందే?"

"కనపడనీలే. ఎట్లాగూ కనపడింది గదా!" అని నవ్వినాడు. ఆ మనిషిలో నాకు నచ్చనిది అదే. పడినా దుమ్ము దులుపుకొని లేస్తాడు.

"రిజిస్ట్రేషను రోజు మా నాయనతో ఏమన్నావో గుర్తుందా?"

తల గోక్కున్నాడు. నటన కాదు, నిజంగానే వెతుక్కున్నాడు. "ఏమన్నా? ఏదో అనుంటాలే, కుర్రతనం. తప్పయితే తప్పే అక్కా. మంద సంగతి చెప్పు."

బస్సులో కాలు తొక్కినప్పుడు అనే తప్పు అది. మా నాయన వాగు చుట్టూ తిరిగిన నడకంతా ఆయనకు గుర్తులేని ఒక మాట.

"ఇయ్యను" అన్నాను.

సాయంత్రం కాపరి కూడా చెప్పి చూసినాడు. "అది మీ తాత నేలే గదా తల్లీ. దానికి పెడితే నీకు పుణ్యమే."

"దానికి ఎంత పెట్టినా ఆయన పేరునే పడుతుంది. నా చేలోనే కట్టు."

"ఆ నేలేం చేసింది తల్లీ?"

గొర్రెలను లోపలికి తోలమని గట్టు మీది కంప పక్కకు లాగినాను.

తొలకరికి మంద కొండ వైపు మళ్ళింది. అటు పక్క నేల వరసగా రెండో ఏడు ఒట్టి కడుపుతో విత్తనం పట్టింది. మొలకలు పలచగా, పసుపు తిరిగి కనిపిస్తుంటే నా గుండెలో కలుక్కుమన్నది. కలుక్కుమననీ అనుకున్నాను. కోత రోజున ఆ పిల్ల తాళ్ళు తీసుకొని ముందు అటు పక్క చేలోకే దిగింది. నన్ను ఎవరూ పిలవలేదు. నేను అప్పటికే పోయి ఆ చేని గట్టు మీద నిలబడి ఉన్నాను.