నూర్ అహ్మద్ చెప్పిన రేటు

పన్నెండో ఏట పట్టకారు పట్టిన నూర్ అహ్మద్‌కు నలభై ఆరో ఏట కళ్లు మోసం చేశాయి. మధ్యలో ముప్పై నాలుగేళ్లు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందులో, ఒక్క బల్బు కింద కూర్చొని కమ్మలకూ నెక్లెసులకూ రాళ్లు పొదిగాడు. షుగరు వచ్చి చూపు మసకబారాక పని ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. వాళ్ల తప్పేముంది లెండి. వంకర పొదుగు పొదిగితే ఏ శెట్టి ఊరుకుంటాడు?

కళ్లు పోయినా బజారు మీద మనసు పోలేదు. రోజూ పది గంటలకు తెల్ల లాల్చీ వేసుకొని బయలుదేరేవాడు. ఆరేడు అంగళ్ల మెట్లెక్కి, బిస్కెట్ బంగారం ఎంతుందో, ఆభరణాల బంగారం ఎంతుందో కనుక్కునేవాడు. పులివెందులలో, జమ్మలమడుగులో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి ఆయన్నే అడిగేవాళ్లు. అంగడి ఉన్నవాణ్ణి రేటు అడిగితే వాడి లాభం కలిపి చెప్తాడు. నూర్ అహ్మద్‌కు అంగడి లేదు, అమ్మడానికి గురిగింజంత బంగారం లేదు. అందుకని ఆయన మాటకు విలువ.

రెండువేల పదకొండులో కూతురు జువేరియా పాలిటెక్నిక్ చదువుతూ, "రోజుకు ఇరవై ఫోన్లు ఎత్తుతాండావు అబ్బాజాన్, ఒక సైటు పెట్టి ఆడ రాద్దాం, చూసుకుంటారు" అంది. పేరు ఆయనే చెప్పాడు. పుత్తడిపొద్దు. జువేరియా ఆ డొమైన్‌ను, అంటే సైటు చిరునామాను, తండ్రి పేరు మీదే కొన్నది. ఆ రసీదు ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఇంటి పట్టాతో పాటు ట్రంకు పెట్టెలో దాచుకున్నాడాయన. ఇది కూడా పట్టానే అనుకున్నాడు పాపం.

సైటులో రోజూ రెండే వరుసలు. మొదటిది, కొంటే తులం ఎంత. రెండోది, పాత బంగారం అమ్మితే తరుగు పోను ఎంత రావాలి. ఈ రెండో వరుస ప్రొద్దుటూరులో ఏ అంగడివాడూ బోర్డు మీద రాయడు. కరోనాలో బజారు మూతపడ్డ రోజుల్లో కూడా, "అంగళ్లు మూత, ఈరోజు రేటు లేదు" అని రాయించాడు. కువైట్‌లో ఉన్నవాళ్లు అక్కడి నుంచి చూసి, ఇక్కడ అమ్మకు ఫోన్ చేసి, ఇంతకు తక్కువైతే గాజులు ఇవ్వొద్దని చెప్పేవాళ్లు. సైటు ఖర్చులకని జువేరియా దాని పక్కన గూగుల్ యాడ్స్ పెట్టింది. ఏడాదికి వచ్చేది ఆ డొమైన్ కట్టడానికే సరిపోయేది.

బదరీనారాయణ శెట్టి అంగడికి నూర్ అహ్మద్ ఇరవై రెండేళ్లు రాళ్లు పొదిగాడు. రెండువేల పంతొమ్మిదిలో ఒకరోజు శెట్టి అరుగు మీద కూర్చోబెట్టి అన్నాడు: "నూరూ, మా రాఘవ కొత్త షోరూం పెడతాండాడు. నీ సైటు పేరు శానా బాగుండాదప్పా. అది పెట్టుకుంటాం."

"పెట్టుకో శెట్టీ, పేరేమన్నా అరిగిపోతాదా?" అని నూర్ అహ్మద్ పొంగిపోయాడు. ప్రారంభానికి కొబ్బరికాయ కూడా ఆయన చేతనే కొట్టించారు. శెట్టి కొడుకు రాఘవేంద్రప్రసాద్ తెలివైనవాడు. ఏడాది తిరిగేలోగా ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ తెచ్చుకున్నాడు. పులివెందులలో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి, ఇంకో రెండు షోరూములు తెరిచాడు. బోర్డుల మీద పుత్తడిపొద్దు, బిల్లుల మీద పుత్తడిపొద్దు. ఫోన్‌లో ఆ పేరు కొడితే మాత్రం ముసలాయన రెండు వరుసలు వచ్చేవి. పాత బంగారం అమ్ముకోవడానికి వచ్చిన ఆడవాళ్లు కౌంటర్ దగ్గర ఫోన్ తీసి, "మీ సైటులోనే ఇంత అని ఉంటే మీరేంది ఇంతంటారు?" అని నిలదీసేవాళ్లు. వాడి కడుపుమంట అదీ!

ఇక్కడ ప్రొద్దుటూరు బజారు మర్యాద ఒకటి చెప్పాలి. వ్యాపారం నడిచే చోట 'ఇవ్వను' అనే మాట నోట రానివ్వరు. లక్ష్మిని పొమ్మన్నట్టని వాళ్ల నమ్మకం. తమకు ప్రాణమైన వస్తువును ఎవరైనా అడిగితే, కొనలేనంత రేటు చెప్పి నవ్వుతారు. అడిగినవాడూ నవ్వి టీ తాగి లేచిపోతాడు. పెళ్లినాటి ఉంగరం అడిగితే కోటి అంటారు. కోటి అంటే ఇవ్వనని అర్థం, అంతే. ఈ సంగతి అంగళ్లలో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసు.

రెండువేల ఇరవై మూడు వేసవిలో తండ్రీకొడుకులిద్దరూ నూర్ అహ్మద్ ఇంటికి వచ్చారు. అన్నేళ్లలో ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టని శెట్టి ఆ రోజు అడిగి మరీ టీ తాగాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. శెట్టి మా ఇంట్లో టీ తాగాడని నూర్ అహ్మద్ మురిసిపోయాడు.

"నూరూ, ఆ సైటు మావోనికి ఇచ్చెయ్‌ప్పా" అన్నాడు శెట్టి.

"అంగడికి పేరు పెట్టుకున్యారు కదా శెట్టీ, నేనేమన్నా వద్దంటినా? సైటు నాకుండనీ. నాకు పొద్దుపోవాల గదా."

"ఊరికే వద్దులే. ఎంతకిస్తావ్?"

నూర్ అహ్మద్ నవ్వి ఊరుకున్నాడు. శెట్టి మళ్లీ అడిగాడు. మళ్లీ నవ్వాడు. అప్పుడు రాఘవేంద్రప్రసాద్ ఫోన్ బల్ల మీద పెట్టి, "మా నాయన పెద్దరికానికైనా ఒక మాట చెప్పు మామా, ఎంతైనా పర్వాలేదు" అన్నాడు.

"యాభై లక్షలియ్యి అల్లుడా, రేపే రాసిస్తా!"

శెట్టి తొడ చరుచుకొని పకపకా నవ్వాడు. కొడుకు నవ్వలేదు. "సరే మామా, యాభై లక్షలు. విన్యాంలే" అని ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

నెల తిరక్కుండా ఢిల్లీలో డొమైన్ తగాదాలు తీర్చేవాళ్ల నుంచి ఈమెయిల్ వచ్చింది. జువేరియా అప్పటికి జమ్మలమడుగులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్తోంది. బస్సెక్కి వచ్చి, తండ్రి ముందు కూర్చొని ఇంగ్లీషు కాగితాలు చదివి తెలుగు చేసింది. షోరూమువాళ్ల ట్రేడ్‌మార్క్‌ను ఈ మనిషి డొమైన్‌గా పట్టుకు కూర్చున్నాడు. పక్కన వేరే జ్యువెలర్ల యాడ్స్ వేసి సంపాదిస్తున్నాడు. ఇమ్మంటే యాభై లక్షలు అడిగాడు. కాబట్టి దురుద్దేశం రుజువైంది, డొమైన్ మాకు ఇప్పించండి. వెనక రికార్డింగు, దాని కింద బదరీనారాయణ శెట్టి సంతకంతో సాక్ష్యం.

"మనం కొన్నది పదకొండులో, వాళ్ల ట్రేడ్‌మార్క్ వచ్చింది ఇరవైలో. ఇది చెప్తే శాలు కదమ్మీ?" అన్నాడు నూర్ అహ్మద్.

"చెప్తా అబ్బాజాన్. కానీ నువ్వు ఆ మాట ఎందుకన్నావు?"

"ఎందుకన్నానా? ఇవ్వనని చెప్పనీకి!"

ఆ సాయంత్రమే శెట్టి ఇంటికి వెళ్లాడు. శెట్టి తలెత్తలేదు.

"నేను ఎందుకన్నానో నీకు తెలీదా శెట్టీ?"

"తెల్సు నూరూ. తెల్సిందంతా వకీలు రాసుకోడు. ఈ మాట అన్నాడా లేదా అనడిగినాడు. అన్నాడన్నా. అబద్ధం చెప్పలేదు గదప్పా."

"నవ్వుతా అన్యాడని ఇంకో ముక్క రాసియ్యి. మన బజారులో దానికి అర్థం ఇదీ అని రాసియ్యి. అంతే."

"కొడుకు మీద రాయమంటావా?" అన్నాడు శెట్టి.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య! ఇరవై రెండేళ్లు ఆ శెట్టి నగలకు పొదిగిన రాళ్లలో ఒక్కటి ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. ఆ మనిషి కోసం రెండు వరుసలు రాయడానికి శెట్టికి చెయ్యి రాలేదు. నూర్ అహ్మద్ మెట్లు దిగుతుంటే చూపు ఆనక కాలు జారింది. పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు.

జువేరియా తనకు చేతనైనంత జవాబు రాసింది. పదకొండునాటి రసీదు పెట్టింది, పన్నెండేళ్ల రేట్లు పెట్టింది. రేటు చెప్పి నవ్వడమంటే ఇవ్వననడమేనని ఒక పేజీ నిండా వివరించింది. ఢిల్లీలో కూర్చున్న మధ్యవర్తి ప్రొద్దుటూరు బజారు మొహం ఎప్పుడైనా చూశాడా? ఆయన ముందున్నవి కాగితాలు. కాగితాల మీద నవ్వు వినపడదు. డొమైన్ షోరూముకు బదిలీ చేయాలని తీర్పు వచ్చింది. మొదట కొన్నదెవరన్నది కాదు, దాన్ని దురుద్దేశంతో వాడుతున్నారా అన్నది చూడాలన్నారు. యాడ్స్ ఒక రుజువు, యాభై లక్షలు ఇంకో రుజువు. దాని మీద కోర్టుకు పోవచ్చు. పోతే ఢిల్లీ వకీళ్లకు ఇల్లు అమ్మి పెట్టాలి. తండ్రికి చూపు లేదు, కూతురికి సెలవు లేదు. ఆగిపోయారు.

జువేరియా ఇంకో పేరుతో కొత్త సైటు పెట్టింది. ఎవరు చూస్తారు? పన్నెండేళ్లుగా జనం వేళ్లకు అలవాటైన పేరు అది. దాన్ని కొడితే ఇప్పుడు కూడా రెండు వరుసలే వస్తున్నాయి, అదే రంగు, అదే అక్షరాలు. మొదటి వరుస రేటు కాస్త పెరిగింది. రెండోది బాగా తగ్గింది. అంతకుమించి ఏ మార్పూ లేదు. యాభై లక్షల మాట మాత్రం బజారంతా పాకింది. రికార్డింగు విన్నవాళ్లు, విన్నామని చెప్పినవాళ్లు కలిసి దాన్ని అడిగిన డబ్బు నుంచి అందిన డబ్బు చేశారు. మసీదు దగ్గర చందా పుస్తకం పట్టుకున్న ఫకీర్ సాహెబ్, "నువ్వు ఎక్కువ రాయాల భాయ్, దేవుడు ఇచ్చినాడు గదా" అన్నాడు. నూర్ అహ్మద్ జేబులో ఉన్నది ఇచ్చి వచ్చేశాడు. ఆ రోజు నుంచి బజారుకు పోవడం మానేశాడు.

పోయిన నెలలో పులివెందుల నుంచి అజ్మత్ బీ వచ్చింది. ఆయనకు దూరపు చుట్టం. కొడుకు రహీం కువైట్‌లో డ్రైవరు. వాడికి ఆరు నెలలుగా జీతం రాక ఆమె నాలుగు గాజులు పులివెందుల షోరూములో అమ్మింది. తర్వాత ఎర్రగుంట్లలో ఎవరో చెబితే తెలిసింది, గాజుకు ఎంత పోయిందో. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వు పెట్టిన రేటు చూసే ఇచ్చినా భాయ్. వాళ్లు చెప్తే నేను నమ్మలే. ఫోన్ తీసి నీది చూసినా. రెండూ ఒకటే ఉండాది. నూర్ భాయే చెప్పినాడు కదా అని చేతి నుంచి తీసిచ్చినా."

"అది నాది కాదమ్మా ఇప్పుడు."

"నీది కాకుంటే ఎవరిది? పేరు అదే ఉండాది గదా!"

"పేరు వాళ్లదైపోయింది."

అజ్మత్ బీ ఆయన మొహంలోకి చూసింది. "ఎంతకమ్మినావు భాయ్?"

నూర్ అహ్మద్ ఖురాన్ ఉన్న గూటి వైపు చెయ్యి చూపించాడు. "అల్లా సాక్షి. ఒక్క రూపాయి ముట్టలే."

ఆమె ఖాళీ మణికట్టును చీర కొంగుతో కప్పుకుంది.

"ఒక్క రూపాయి కూడా తీసుకోకుండానా? ఊరికేనే ఇచ్చేసినావా భాయ్, మమ్మల్నందర్నీ?"